డిపార్ట్‌మెంట్ హెడ్లను ఎట్-విల్ కిందకు మార్చాలా? కొత్త కౌన్సిల్ సభ్యుడికి నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాలిఫోర్నియాలో ఒక చిన్న సిటీ కౌన్సిల్‌కు కొత్తగా ఎన్నికయ్యారు. మీ సిటీ మేనేజర్ (ఊరి పాలన కోసం కౌన్సిల్ నియమించిన అధికారి) తన కింద ఉన్న డిపార్ట్‌మెంట్ హెడ్లను, వాళ్ల కింద ఉన్న డివిజన్ మేనేజర్లను అందరినీ ఎట్-విల్ ఉద్యోగులుగా, అంటే కారణం చెప్పకుండా ఎప్పుడైనా తీసేయగలిగేవాళ్లుగా మార్చే రిజల్యూషన్ తెస్తున్నారు. ఇప్పటి రూల్స్ ప్రకారం తగిన కారణం చూపించి, వాళ్ల మాట విన్నాకే తీసేయాలి. మీరు ఇన్నేళ్లూ ఐటీ కంపెనీల్లో పనిచేశారు. అక్కడ అందరూ ఎట్-విల్లే కదా, ఇక్కడ దీనికింత గొడవ ఎందుకన్నది మీ సందేహం. ఆ సిటీలో ఐటీ మేనేజర్‌గా ఉన్న మన తెలుగాయన హెచ్-1బి మీద ఉన్నారని, ఆయన సంగతి ఏమవుతుందని కూడా అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిపార్ట్‌మెంట్ హెడ్ల వరకు అయితే సరే. వాళ్ల కిందకు వెళ్లొద్దు. ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లను వాళ్ల సంతకం లేకుండా మార్చొద్దు. సెవరెన్స్ (ఉద్యోగం నుంచి పంపేటప్పుడు ఇచ్చే కొన్ని నెలల జీతం) లేని ఎట్-విల్‌కు అసలు ఓటు వేయొద్దు. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి లోకల్ గవర్నమెంట్లలో హెచ్‌ఆర్ పని చేసిన అనుభవంతో చెబుతున్నాను. నేను లాయర్‌ని కాను కాబట్టి చట్టం విషయంలో ఆఖరి మాట మీ సిటీ అటార్నీదే.

ముందు కంపెనీకీ సిటీకీ ఉన్న తేడా చూద్దాం. కాలిఫోర్నియా లేబర్ కోడ్ 2922 ప్రకారం గడువు చెప్పని ఉద్యోగం ఏదైనా ఎట్-విల్లే. మీ పాత కంపెనీకి వర్తించింది అదే. సిటీ మాత్రం ప్రభుత్వం. ప్రభుత్వం ఎవరి ఆస్తినైనా తీసుకోవాలంటే ముందు సరైన విచారణ జరగాలని రాజ్యాంగంలోని 14వ సవరణ అంటుంది. "కారణం ఉంటేనే తీసేస్తాం" అని రూల్స్‌లో రాసి ఉంటే ఆ ఉద్యోగం కూడా ఆస్తి కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1972లో రాత్, సిండర్మన్ కేసుల్లో దారి వేసింది. 1985లో లౌడర్‌మిల్ కేసులో దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. లౌడర్‌మిల్ క్లీవ్‌లాండ్ స్కూల్ బోర్డులో సెక్యూరిటీ గార్డు. అప్లికేషన్‌లో పాత నేరం సంగతి దాచాడని, ఆయన మాట వినకుండానే తీసేశారు. తీసేసేముందు కనీసం ఒక్కసారైనా అతను చెప్పేది వినాలి కదా అంది కోర్టు.

కాలిఫోర్నియాలో ఇది అంతకు పదేళ్ల ముందే, 1975లో స్కెలీ కేసుతో వచ్చింది. స్కెలీ రాష్ట్ర ప్రభుత్వంలో డాక్టర్. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి ఆలస్యంగా వస్తున్నాడని, తాగుతున్నాడని తీసేశారు. ఏ చర్య తీసుకోబోతున్నారో, ఎందుకో ముందే రాసి ఇవ్వాలి, ఆధారాల కాపీలు ఇవ్వాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రోజు మీ సిటీ హాల్లో ఎవరైనా "స్కెలీ ఇచ్చారా?" అంటే అడుగుతున్నది దీని గురించే. ఎట్-విల్ కిందకు మార్చడమంటే ఈ హక్కును తీసేయడం. కంపెనీలో అసలు లేని హక్కు కాబట్టి అక్కడ చర్చ రాదు. ఇక్కడ ఉన్నదాన్ని తీసేస్తున్నారు కాబట్టే ఇంత చర్చ.

మరి అలాంటప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్ల విషయంలో నేనెందుకు ఒప్పుకుంటున్నాను? కౌన్సిల్-మేనేజర్ పద్ధతి నడిచేదే అలా. 1908లో వర్జీనియాలోని స్టాంటన్‌లో మొదలైన ఈ పద్ధతిలో కౌన్సిల్ ఒక్క మనిషిని నియమించి, ఊరి పాలన మొత్తానికి ఆ ఒక్కరినే జవాబు అడుగుతుంది. ఆయన ఉద్యోగం కౌన్సిల్ ఇష్టం మీద ఉంటుంది. ఐదుగురి కౌన్సిల్‌లో మూడు ఓట్లు పడితే ఇంటికి వెళ్లాలి. తన తల మీద అంత బరువు ఉన్నప్పుడు పబ్లిక్ వర్క్స్ డైరెక్టర్‌నో ఫైనాన్స్ డైరెక్టర్‌నో మార్చుకోవడానికి ఏడాదిపాటు హియరింగులు, అప్పీళ్ల చుట్టూ తిరగాలంటే ఆయన పని చేయలేడు. పైస్థాయి వాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు, చేతకానివాళ్లూ కారు. కొత్త దారిలో నడవడం వాళ్లకు ఇష్టం ఉండదు, అంతే. దాన్ని "తగిన కారణం" అని హియరింగ్ ఆఫీసర్ ముందు నిరూపించడం చాలా కష్టం. అందుకే నిరూపించడం కోసం తప్పులు వెతకడం మొదలవుతుంది. మంచి ఇంజినీరు మీద ఏడాదిపాటు ఫైలు కట్టడం నేను చూశాను. అంతకంటే ఆరు నెలల జీతం ఇచ్చి గౌరవంగా పంపడం ఎంతో నయం.

మన వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక సంగతి తట్టదు. ఆంధ్రాలోనో తెలంగాణలోనో మున్సిపల్ కమిషనర్‌తో పాలకవర్గానికి పడకపోతే ఏం జరుగుతుంది? బదిలీ. ఆయన ఇంకో ఊళ్లో చేరతాడు, సర్వీసు పోదు, పెన్షన్ పోదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఆర్టికల్ 311 రక్షణ కూడా ఉంటుంది. అమెరికాలో సిటీనే యజమాని. బదిలీ చేయడానికి ఇంకో ఊరు దాని చేతిలో ఉండదు. పడకపోతే ఉద్యోగమే పోతుంది, పిల్లల స్కూలు, ఇంటి లోను అన్నీ కదిలిపోతాయి. అక్కడ బదిలీ చేసే పనిని ఇక్కడ సెవరెన్స్ చేయాలి. అందుకే సెవరెన్స్ లేని ఎట్-విల్ వద్దంటున్నాను.

ఇప్పుడు అసలు సమస్యకు వస్తాను. మీ రిజల్యూషన్‌లో నాకు భయం కలిగించేది "డివిజన్ మేనేజర్లు" అన్న మాట. సిటీలో కొన్ని ఉద్యోగాల పనే "కుదరదు" అని చెప్పడం. బిల్డింగ్ అఫీషియల్ ఉన్నాడు. పెద్ద డెవలపర్ కట్టిన నాలుగంతస్తుల బిల్డింగ్‌లో ఫైర్ స్ప్రింక్లర్ల టెస్టు పాస్ కాలేదని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగ్ వాడుకోవచ్చన్న అనుమతి) ఆపుతాడు. గ్రాండ్ ఓపెనింగ్‌కు మేయర్ వస్తున్నారు, ఆహ్వానాలు వెళ్లిపోయాయి. ఫోన్లు మీద ఫోన్లు. ఆ సాయంత్రం అతను సంతకం పెట్టకుండా ఉండగలిగేది, రేపు ఉద్యోగం ఉంటుందన్న ధీమా వల్లే. పర్చేజింగ్ మేనేజర్ కూడా అంతే. మూడు కొటేషన్లు లేకుండా కాంట్రాక్ట్ ఇవ్వనంటాడు. పేరోల్, అకౌంటింగ్ చూసే మేనేజర్ కూడా అంతే. ఇలాంటి కుర్చీలను ఎట్-విల్ చేస్తే ఊరికి ఉన్న కాపలా తీసేసినట్టే.

బెల్ సిటీ గుర్తుంది కదా? లాస్ ఏంజెలెస్ పక్కన నలభై వేల జనాభా కూడా లేని పేద ఊరు. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టేదాకా అక్కడి సిటీ మేనేజర్ రాబర్ట్ రిజో ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడు. చివరికి జైలుకు వెళ్లాడు. అలాంటి మేనేజర్ కింద లెక్కలు రాసేవాళ్లంతా ఆయన చిటికేస్తే పోయే ఉద్యోగాల్లో ఉంటే ఎవరు నోరు విప్పుతారు? మీ ఇప్పటి మేనేజర్ మంచివారే కావచ్చు. మీరు రాసే రూలు ఆయన తర్వాత వచ్చేవాళ్లకు కూడా వర్తిస్తుంది.

నన్ను అడిగితే గీత ఇక్కడ గీస్తాను: నేరుగా సిటీ మేనేజర్‌కు రిపోర్ట్ చేస్తూ, పాలసీ తయారీలో పాలుపంచుకునేవాళ్లు ఎట్-విల్. కోడ్, చట్టం, లెక్కలు అమలు చేసేవాళ్లు ఇప్పటిలాగే కారణం చూపిస్తేనే.

పోలీస్ చీఫ్ విషయం వేరుగా చూడండి. మీ రూల్స్‌లో ఎట్-విల్ అని రాసినా, కాలిఫోర్నియా గవర్నమెంట్ కోడ్ 3304 ప్రకారం చీఫ్‌ను తీసేయాలంటే రాతపూర్వకంగా కారణం చెప్పాలి, అప్పీలు అవకాశం ఇవ్వాలి. రిజల్యూషన్ డ్రాఫ్ట్‌లో చీఫ్‌ను కూడా మిగతావాళ్లతో కలిపి రాసి ఉంటే, రాసినవాళ్లు ఆ సెక్షన్ చదవలేదని అర్థం.

ఇక ఇప్పటికే ఉన్న ఉద్యోగుల సంగతి. మీది సొంత చార్టర్ (ఊరి రాజ్యాంగం లాంటిది) లేకుండా రాష్ట్ర చట్టాల కింద నడిచే జనరల్ లా సిటీ అయితే, గవర్నమెంట్ కోడ్ 36506 ప్రకారం ఉద్యోగులు కౌన్సిల్ ఇష్టం ఉన్నంతవరకే ఆ పదవిలో ఉంటారు. కారణం ఉంటేనే తీసేయాలన్న రక్షణ మీ సిటీ సొంతంగా తన రూల్స్‌లో ఇచ్చింది. 1977లో మిల్లర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ ఉద్యోగం నడిచేది చట్టం మీద తప్ప కాంట్రాక్ట్ మీద కాదని చెప్పింది. ఇవి చూపించి "మార్చే అధికారం మనకుంది" అని మీకు చెప్పేవాళ్లు ఉంటారు. అధికారం ఉండొచ్చు. కానీ రూలు మార్చిన మూడు నెలలకే ఎవరినో తీసేస్తే, ఆ మనిషి కోసమే రూలు మార్చారని ప్రతి లాయరూ అంటాడు. జ్యూరీ నమ్ముతుంది కూడా.

పద్ధతి ప్రకారం వెళ్లే దారి ఇలా ఉంటుంది. కుర్చీ ఖాళీ అయినప్పుడు కొత్తగా వచ్చేవాళ్లను ఎట్-విల్ కింద తీసుకోండి. ఇప్పుడున్నవాళ్లకు ఎంచుకునే అవకాశం ఇవ్వండి: జీతంలో కొంత పెంపు, అదనపు మేనేజ్‌మెంట్ లీవ్, రాసిచ్చిన సెవరెన్స్ తీసుకుని ఎట్-విల్ అగ్రిమెంట్‌పై సంతకం పెట్టొచ్చు, లేదా ఉన్న రక్షణతోనే రిటైరయ్యేదాకా కొనసాగొచ్చు. బలవంతం చేయకపోతే చాలామంది డబ్బు వైపే వస్తారు. సంతకం పెట్టేముందు సొంత లాయర్‌కు చూపించుకోవడానికి టైమ్ ఇవ్వండి.

కింది నుంచి ప్రమోషన్ మీద వచ్చినవాళ్లకు వెనక్కి వెళ్లే హక్కు పెట్టండి. పద్దెనిమిదేళ్లు సివిల్ ఇంజినీర్‌గా పనిచేసిన ఆవిడను డైరెక్టర్‌ని చేసి, ఏడాదికే తీసేస్తే పాత ఉద్యోగం కూడా పోయినట్టే. అలా ఉంటే లోపలి నుంచి ఎవరూ పైకి అప్లై చేయరు. మొదటి ఏడాదో రెండేళ్లో, పాత స్థాయిలో ఖాళీ ఉంటే తిరిగి వెళ్లొచ్చని రాస్తే సరిపోతుంది.

యూనియన్ సంగతి మరిచిపోకండి. చాలా సిటీల్లో డివిజన్ మేనేజర్లకు మిడ్-మేనేజ్‌మెంట్ అసోసియేషన్ ఉంటుంది. అది ఉద్యోగుల తరఫున చర్చలు జరపడానికి గుర్తింపు పొందిన యూనిట్ అయితే 1968 నాటి మేయర్స్-మిలియాస్-బ్రౌన్ చట్టం ప్రకారం వాళ్లతో కూర్చుని చర్చించకుండా ఉద్యోగ షరతులు మార్చడానికి లేదు. చర్చించకుండా రిజల్యూషన్ పాస్ చేస్తే కేసు రాష్ట్ర పబ్లిక్ ఎంప్లాయ్‌మెంట్ రిలేషన్స్ బోర్డుకు వెళ్తుంది, పాస్ చేసింది వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు. మీ మేనేజర్‌ను మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ లిస్టులో ఉన్నవాళ్లలో ఎవరెవరు ఏ యూనిట్‌లో ఉన్నారు?

తర్వాత కాగితాలు. పర్సనెల్ రూల్స్, జాబ్ డిస్క్రిప్షన్, ఆఫర్ లెటర్, ఎంప్లాయీ హ్యాండ్‌బుక్, వార్షిక ఎవాల్యుయేషన్ ఫారం అన్నీ ఒకే మాట చెప్పాలి. అగ్రిమెంట్‌లో ఎట్-విల్ అని ఉండి, హ్యాండ్‌బుక్‌లో "ప్రొబేషన్ పూర్తి చేసిన ఉద్యోగులందరినీ తగిన కారణం ఉంటేనే తొలగిస్తాం" అన్న పాత వాక్యం అలాగే మిగిలిపోతే, కేసు మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నడుస్తుంది. రిజల్యూషన్ ఒక్కటి పాస్ చేస్తే పని అయిపోయిందనుకునే సిటీలే ఎక్కువగా ఇక్కడ దెబ్బతింటాయి.

సెవరెన్స్ ఎంత ఉండాలి? డిపార్ట్‌మెంట్ హెడ్లకు మూడు నుంచి ఆరు నెలలు, సిటీ మేనేజర్‌కు ఆరు నెలల నుంచి ఏడాది వరకు మామూలుగా కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో గవర్నమెంట్ కోడ్ 53260 ఒక పరిమితి పెట్టింది: కాంట్రాక్ట్‌లో మిగిలిన నెలలు లేదా 18 నెలలు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. ఫ్లోరిడాలో అయితే 20 వారాల జీతమే గరిష్ఠం. పదవిని దుర్వినియోగం చేసిన నేరం రుజువైతే ఇచ్చిన సొమ్ము వెనక్కి కట్టాలన్న షరతు కూడా కాంట్రాక్ట్‌లో ఉండాలి. బెల్ తర్వాత వచ్చిన చట్టం అది. సెవరెన్స్ ఇచ్చేటప్పుడు కేసు వేయనని రాయించుకుంటారు. ఆ ఉద్యోగికి 40 ఏళ్లు నిండి ఉంటే ఆలోచించుకోవడానికి 21 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలని ఫెడరల్ చట్టం. డైరెక్టర్ల స్థాయిలో దాదాపు అందరూ ఆ వయసు దాటినవాళ్లే. అదే రోజు సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తే, వయసు వివక్ష మీద కేసు వేయనని రాసిచ్చింది చెల్లదు.

ఎట్-విల్ అయితే ఇక కేసులు రావని ఎవరైనా చెబితే నమ్మకండి. కారణం చెప్పక్కర్లేదన్నది నిజమే, కానీ చెడ్డ కారణంతో తీయడానికి లేదు. జాతి, వయసు, గర్భం, అనారోగ్య సెలవు, అక్రమాన్ని బయటపెట్టడం, ఇవేవీ కారణం కాకూడదు. ఓక్లాండ్‌లో 2020లో పోలీస్ కమిషన్, మేయర్ కలిసి చీఫ్ ఆన్ కిర్క్‌ప్యాట్రిక్‌ను ఏ కారణం చూపకుండా తొలగించారు. ఆ అధికారం వాళ్లకు చార్టర్ ఇచ్చిందే. కమిషనర్ల తీరును ప్రశ్నించినందుకు కక్షతోనే తీసేశారని ఆవిడ కేసు వేశారు. 2022లో ఫెడరల్ జ్యూరీ ఆవిడ పక్షానే తీర్పు చెప్పింది. 2024 నుంచి కాలిఫోర్నియా చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఉద్యోగి ఫిర్యాదు చేసిన 90 రోజుల్లోపు చర్య తీసుకుంటే, అది కక్ష సాధింపే అన్న అనుమానంతోనే కేసు మొదలవుతుంది.

ఇంకో చోట కూడా ప్రమాదం ఉంది, అది కౌన్సిల్ సభ్యుల నోటి దగ్గర. ఎట్-విల్ ఉద్యోగిని తీసేస్తూ అతని పరువు పోయే ఆరోపణ బయట పెడితే, తన పేరు నిలబెట్టుకోవడానికి హియరింగ్ అడిగే హక్కు అతనికి వస్తుంది. కాలిఫోర్నియాలో 1979 నాటి కేసు పేరుతో దీన్ని లూబీ హియరింగ్ అంటారు. ఒక సిటీలో ఫైనాన్స్ డైరెక్టర్‌ను పంపేటప్పుడు హెచ్‌ఆర్ రాసిన లెటర్‌లో రెండే వాక్యాలు: ఎట్-విల్ అగ్రిమెంట్ ప్రకారం ఈ తేదీతో మీ ఉద్యోగం ముగుస్తుంది, సెవరెన్స్ వివరాలు జతచేశాం. అంతవరకు బాగుంది. ఆ వారమే ఒక కౌన్సిల్ సభ్యుడు లోకల్ పేపర్‌తో "లెక్కల్లో తేడాలు వచ్చాయి, అందుకే" అన్నాడు. ఆ ఒక్క మాటతో సెవరెన్స్ ఒప్పందం ఆగిపోయింది, లాయర్లు వచ్చారు. లెక్కల్లో తేడాలేవీ లేవని తర్వాత ఆడిట్‌లో తేలింది. ఆయన మాత్రం చాలాకాలం ఎక్కడ ఇంటర్వ్యూకు వెళ్లినా ఆ పేపర్ కటింగ్‌కు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. మంచి మనిషి. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కాబట్టి ఎవరైనా వెళ్లిపోయినప్పుడు మీరు పేపర్ వాళ్లకు చెప్పాల్సింది ఒకటే: "అది సిబ్బంది విషయం, నేను మాట్లాడను."

మీ పరిధి గురించి కూడా చెప్పాలి. డిపార్ట్‌మెంట్ హెడ్లను నియమించేది, తీసేసేది సిటీ మేనేజర్. మీరు కాదు. చాలా సిటీల కోడ్‌లో కౌన్సిల్ సభ్యులు ఆ విషయంలో మేనేజర్‌కు ఆదేశాలు ఇవ్వకూడదని స్పష్టంగా ఉంటుంది. ఎట్-విల్ వచ్చాక "ఆయన్ని ఎప్పుడు పంపేస్తున్నారు?" అని మీ దగ్గరకు వచ్చే జనం పెరుగుతారు. మీ మేనేజర్‌ను కాపాడే ఇంకో నిబంధన ఉందేమో చూడండి: ఎన్నికల తర్వాత 90 రోజులపాటు సిటీ మేనేజర్‌ను తొలగించకూడదని చాలా ఊళ్లలో రాసి ఉంటుంది. మీ ఊళ్లో డిపార్ట్‌మెంట్ హెడ్లకు కూడా అలాంటిది చేర్చమని అడగండి. కొత్త కౌన్సిల్ వచ్చిన వేడిలో జరిగే తొలగింపులు దానితో తగ్గుతాయి.

కౌన్సిల్ మీటింగులు బహిరంగంగా జరగాలనే బ్రౌన్ చట్టం గురించి మీ సిటీ అటార్నీ ట్రైనింగ్ ఇచ్చే ఉంటారు. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. ఒక ఉద్యోగి మీద ఉన్న ఫిర్యాదులను క్లోజ్డ్ సెషన్‌లో (జనం లేకుండా తలుపులు మూసి) వినాలంటే అతనికి 24 గంటల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, కావాలంటే బహిరంగంగా వినమని అడిగే హక్కు అతనికుంది. నోటీసు లేకుండా విని తీసుకున్న చర్య చెల్లదు. పెద్ద అధికారుల జీతభత్యాలను స్పెషల్ మీటింగ్‌లో పెట్టకూడదు, రెగ్యులర్ మీటింగ్‌లోనే రావాలి.

హెచ్-1బి మీద ఉన్న మనాయన విషయానికి వస్తే, ఎట్-విల్ అగ్రిమెంట్‌పై సంతకం పెట్టినంత మాత్రాన ఆయన వీసాకు ఏమీ కాదు. కానీ ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఐ-94లో (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉన్న తేదీ అంతకంటే ముందే ముగిస్తే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. ఆరు నెలల సెవరెన్స్ చెక్కు చేతికి వచ్చినా ఆ గడువు పెరగదు. హెచ్-1బి గడువు ముగియకముందే సిటీ తీసేస్తే స్వదేశానికి వెళ్లే ప్రయాణ ఖర్చు సిటీనే భరించాలి. మిగతావాళ్లతో పోలిస్తే ఆయన మీద ఈ మార్పు బరువు చాలా ఎక్కువ. ఆయన డివిజన్ మేనేజరే అయితే ఉన్న రక్షణ వదులుకోవద్దనే నా సలహా, సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవమనండి. ఒక జాగ్రత్త: మీరు కౌన్సిల్ సభ్యులు, ఆయన సిటీ ఉద్యోగి. తెలుగువాళ్లమన్న చనువుతో ఈ రిజల్యూషన్ గురించి ఆయనతో మీరు విడిగా మాట్లాడకపోవడమే ఇద్దరికీ మంచిది.

ఆ ఐటమ్ అజెండాలో వచ్చినప్పుడు దాన్ని రెండుగా విడగొట్టమని మోషన్ పెట్టండి. డిపార్ట్‌మెంట్ హెడ్ల భాగం ఒకటి: కొత్తగా చేరేవాళ్లకు, ఇష్టపడి సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే వర్తించేలా, సెవరెన్స్, వెనక్కి వెళ్లే హక్కు అందులోనే రాసి ఉండేలా. దానికి ఓటు వేయండి. డివిజన్ మేనేజర్ల భాగం రెండోది. దాన్ని అసోసియేషన్‌తో చర్చలు అయ్యాక, ఒక్కో పోస్టు పేరు విడిగా రాసి, ఆ పోస్టు ఎందుకు ఎట్-విల్ కావాలో పక్కన రాసి తెమ్మని మేనేజర్‌ను అడగండి.